నల్లబడితే చెడిపోయినట్టేనా?

ఇంజనాయిల్ గురించి అడిగితే "నాకు తెలీదండీ" అన్నవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. చిక్కటిది పొయ్యమని ఒకరు, పాత బండికి వాడిందే వాడమని ఇంకొకరు, దాంట్లో కలపడానికో చిన్న డబ్బా కొనమని కొట్టాయన. మా మావయ్యకున్నది ఒకే ఒక్క లారీ, అదీ అప్పు మీద కొన్న బీయస్-6 బండి. అది రెండ్రోజులు షెడ్డులో నిలబడితే కిరాయి పోతుంది, వాయిదా మాత్రం ఆగదు. అందుకే ఈ ఉచిత సలహాలంటే నాకు ఒళ్ళుమంట.

తీరా చదివితే ఇదేదో నాకు అలవాటైన వెర్షన్ల గొడవే! డబ్బా మీద ఏపీఐ సీఐ-4, సీకే-4 అని ఉంటుంది చూడండి, అందులో 'సీ' అంటే డీజిలు ఇంజన్లది, 'ఎస్' అంటే పెట్రోలుది. సీఐ-4 2002లో వచ్చింది, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో. కొత్తదైన సీకే-4ని సీఐ-4 అడిగే పాత బండికి పొయ్యొచ్చు. పాతదాన్ని కొత్త బండికి పోస్తేనే చిక్కు.

ఎందుకంటారా? 2020 ఏప్రిల్ 1 నుంచి బీయస్-6 వచ్చింది. డీజిల్లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది, మావయ్య బండికీ ఉంది. మసినైతే అది ఎప్పటికప్పుడు కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్లోని కాల్షియం, జింకు లాంటివి కాలితే వచ్చే బూడిద మళ్ళీ కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే సీజే-4, సీకే-4లలో ఆ బూడిద 1 శాతం మించకూడదని హద్దు పెట్టారు. డబ్బా దగ్గర మిగిల్చిన నాలుగు డబ్బులూ ఫిల్టరు దగ్గర వడ్డీతో సహా వదిలిపోతాయన్నమాట.

ఇక ఆ చిన్న డబ్బా సంగతి. మసిని ముద్దకట్టకుండా పట్టి ఉంచేవి, అరుగుదల ఆపేవి, అన్నీ ఆయిల్లో ముందే కలిపి ఉంటాయి. డీజిలు బండి ఆయిలు నల్లబడిందంటే చాలావరకు అది దాని పని చేస్తోందనే, చెడిపోయిందని కాదు. అన్నీ కలిపాక ఇంజన్లో పోసి పరీక్షించి మరీ ఆ సీకే-4 ముద్ర వేస్తారు. దానిమీద మనం ఇంకోటి పొయ్యడమంటే, టెస్టింగ్ పూర్తయిన కోడులో దారినపోయేవాడెవడో రెండు లైన్లు ఇరికించినట్టే. అమెరికాలో స్లిక్-50 అనే ఇలాంటి సరుకు గురించి చేసిన ప్రచారానికి ఆధారాల్లేవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 1997లో ఆ కంపెనీ రాజీకొచ్చింది.

చిక్కదనం మాటా అంతే. 15డబ్ల్యూ-40లో 'డబ్ల్యూ' అంటే చలికాలం, 40 అనేది వేడెక్కాక ఉండే చిక్కదనం. అవసరానికి మించి చిక్కగా ఉంటే పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు ఆయిలు పైదాకా చేరడమే ఆలస్యమవుతుంది.

మరి ఏది పొయ్యాలి? బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నది, అంతే. గ్రేడు, ఏపీఐ ముద్ర, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. కాకపోతే ఇంగ్లీషులో ఉన్నాయి. "ఇదే ముక్క తెలుగులో వేస్తే వాళ్ళ సొమ్మేం పోయిందిరా?" అన్నాడు మావయ్య. నా దగ్గర జవాబు లేదు. వందల బండ్లున్నవాడు ఆయిలు శాంపిలు ల్యాబుకి పంపించుకోగలడు. ఒక్క బండి ఉన్నవాడికి ఆ పేజీ ఒక్కటే దిక్కు. అది చదవలేని భాషలో ఉన్నంతకాలం ఆ చిన్న డబ్బాలు అమ్ముడుపోతూనే ఉంటాయి. ఏమంటారు?