ఒకసారి ఇది చదివి చూడండి!

ఊరగాయ జాడీలు, పూలమొక్కలే కాదు... ఇష్టమైన రచయితలు కూడా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నడిచి వెళతారు. అలా వెళ్లినవాళ్లు ఒక్కోసారి తెగిన స్నేహాన్నీ ముడేస్తారు. ఇది విజయవాడలోని నాలుగు కుటుంబాల ముచ్చట.

రెండు కుటుంబాల మధ్య స్నేహం ఎంతవరకూ వచ్చిందో తెలుసుకోవడానికి ఓ సులువైన లెక్కుంది. కొత్తలో స్వీటు డబ్బాలు వెళతాయి. కాస్త చనువయ్యాక గిన్నెలో కూర వెళుతుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు, అందులో ఏదో ఒకటి ఉంటుంది. ఇంకా దగ్గరయ్యాక పుస్తకం వెళుతుంది. ‘మావారికి ఈయన రాసిందంటే ప్రాణం. ఒకసారి చదివి చూడండి’ అంటూ.

స్వీటు డబ్బా ఇచ్చినంత తేలిక కాదు ఈ పని. నచ్చితే సరే. నచ్చకపోతే? ‘బాగుంది’ అని అబద్ధమాడితే కళ్లు పట్టించేస్తాయి. బాగాలేదంటే మనసు చిన్నబుచ్చుకుంటారు. అయినా చెప్పకుండా ఉండలేరు. నచ్చిన రచయితను ఒక్కరే దాచుకుని చదవడం, పెళ్లి భోజనం ఒక్కరే కూర్చుని తిన్నట్టు ఉంటుంది మరి!

విజయవాడ సత్యనారాయణపురంలో 1990ల్లో ఒకే వీధిలో అద్దెకున్న ఆ నాలుగు కుటుంబాలకూ చుట్టరికమేమీ లేదు. ఒకాయన రైల్వేలో గార్డు. ఇంకొకాయన బ్యాంకు ఉద్యోగి. మూడో ఆయన ఎల్‌ఐసీ. నాలుగో ఇంట్లో భార్యాభర్తలిద్దరూ టీచర్లు. ఊళ్లు వేరు, యాసలు వేరు. పిల్లలకు మాత్రం అందరూ మావయ్యలూ అత్తయ్యలే. పెద్దవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో పిచ్చి. ప్రతి పిచ్చికీ ఓ ఆరాధ్య రచయిత!

పజిల్‌ చూపిన పుస్తకం

టీచర్ల ఇంట్లో ఆదివారం పేపరు రాగానే తగువు మొదలయ్యేది. పదకేళి ఎవరు నింపాలి? అయ్యవారు నిలువు తీసుకుంటే అమ్మగారు అడ్డం. ‘శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లే కూర్చిన గళ్లు ఇవి, వీటిని చిన్నచూపు చూడకండి’ అని ఆవిడ పిల్లలకు చెప్పేవారు. ఓ వారం ‘మూడేళ్లకోసారి పలకరించే నెల’ అని ఆధారం వచ్చింది. జవాబు అధికమాసం. గళ్లు నిండాయి కానీ వాళ్లబ్బాయికి అనుమానం తీరలేదు. అసలు నెల ఎక్కువెందుకవుతుంది?

వీధి చివరి నుంచి గార్డు మావయ్య మహీధర నళినీమోహన్‌ ‘క్యాలెండర్‌ కథ’ తెచ్చి వాడి చేతిలో పెట్టారు. చంద్రుణ్ని బట్టి పన్నెండు నెలలు లెక్కేస్తే సుమారు 354 రోజులు. సూర్యుణ్ని బట్టి అయితే 365. ఏడాదికి పదకొండు రోజుల తేడా. దాన్ని అలా వదిలేస్తే ఉగాది చలికాలంలోకి జారిపోతుంది. అందుకే ముప్ఫై రెండు, ముప్ఫై మూడు నెలలకోసారి ఓ నెలను అదనంగా కలిపి సరిచేస్తారు. లెక్కలంటే పారిపోయే కుర్రాడు ఆ రాత్రి పదింటి దాకా పుస్తకం వదల్లేదు. పెద్దయ్యాక వాడేం శాస్త్రవేత్త కాలేదు. కానీ తన కూతురు ‘ఎందుకు నాన్నా?’ అని అడిగితే విసుక్కోకుండా జవాబు వెతికే తండ్రయ్యాడు.

పట్టాల పక్కన పిట్టలు

గార్డు మావయ్యకు రెండు వ్యసనాలు. ఒకటి యాత్రలు, రెండోది పక్షులు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలోనే గడిపిన ఆయనకు కాలినడకన ఊళ్లు తిరిగి పుస్తకాలు రాసిన విశాఖ ఆచార్యుడు ఎం.ఆదినారాయణ ‘భ్రమణ కాంక్ష’ అంటే మహా ఇష్టం. ‘నేను చక్రాల మీద చూడలేనివన్నీ ఆయన చెప్పులేసుకుని చూశాడు’ అని నవ్వేవారు.

ఇక పక్షులకైతే సలీం అలీయే గురువు. 1941లో తొలిసారి అచ్చయిన ఆయన ఇంగ్లిష్‌ పుస్తకం తాలూకు ఓ పాత ప్రతి మావయ్య దగ్గరుండేది. మార్జిన్లలో పెన్సిల్‌తో తెలుగు పేర్లు... పాలపిట్ట, లకుముకి పిట్ట, గూడకొంగ. శీతాకాలం సెలవుల్లో పిల్లల్ని గుంటూరు పక్కన ఉప్పలపాడు తీసుకెళ్లేవారు. ఊరి చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటుంటే ఒడ్డున కూర్చుని పులిహోర తినడం ఆ పిల్లలకు ఇప్పటికీ గుర్తే.

ఆయన చెప్పిన వాటిలో కలివికోడి కథది ప్రత్యేక స్థానం. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో ఆ పక్షి అంతరించిపోయిందనే అనుకున్నారు పరిశోధకులు. 1986లో కడప జిల్లా అడవుల్లో మళ్లీ బయటపడింది. అప్పటికి సలీం అలీ ఇంకా బతికే ఉన్నారు. ‘పుస్తకాల్లో లేకుండా పోయిన పిట్టకు అక్కడి జనం పేరు పెట్టి పిలుచుకుంటూనే ఉన్నారురా. అందుకే పుస్తకం చదవండి, పక్కవాళ్లనీ అడగండి’ అనేవారు మావయ్య.

వంటల పుస్తకంతో తంటా

పుస్తకం చెప్పడంలో గురి తప్పడమూ ఉంటుంది. ఎల్‌ఐసీ అత్తయ్యకు వంటలో తిరుగులేదు. ఆవిడకు మాలతీ చందూర్‌ ‘వంటలు-పిండివంటలు’ పారాయణ గ్రంథం. నూనె మరకలు పడి, అట్ట ఊడి, దారంతో కుట్టిన ప్రతి అది. టీచర్ల అమ్మాయి పెళ్లికి ప్రేమగా కొత్త ప్రతి కొని కానుకిచ్చారు. అత్తింట్లో కానుకలు విప్పుతుంటే ఎవరో నవ్వారు... ‘అమ్మాయికి వంట రాదని ముందే చెప్పి పంపారన్నమాట!’

ఇంకేముంది! ఆ పిల్లకు ఒళ్లు మండింది. పుస్తకం అటకెక్కింది. తరవాత రెండు పండగలకు పుట్టింటికి వచ్చినా అత్తయ్య ఇంటి గుమ్మం తొక్కలేదు.

తప్పు అత్తయ్యకు అర్థమైంది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ నవలల పురుగు. ఆమెకివ్వాల్సింది మాలతీ చందూర్నే, కానీ వేరే పుస్తకం. ప్రపంచ నవలల్ని తెలుగు పాఠకులకు కథలా చెప్పిన ‘పాత కెరటాలు’! ఆవిడ ‘స్వాతి’లో రాసినవి అత్తయ్య దగ్గర కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఓ సంచీ నిండా వాళ్లమ్మకిచ్చి పంపారు. చీటీ కూడా పెట్టలేదు. నెల తర్వాత ఫోనొచ్చింది. ‘అత్తయ్యా... ఇంకా ఉన్నాయా?’

ఆ అమ్మాయి ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటోంది. అటకెక్కిన వంటల పుస్తకం కూడా సూట్‌కేసులో సముద్రం దాటింది. అరిసెల పాకం దగ్గర అనుమానమొస్తే మాత్రం పుస్తకం చూడదు, అత్తయ్యకే ఫోన్‌ చేస్తుంది.

మాటల్లేని తొమ్మిదేళ్లు

బ్యాంకాయన, ఎల్‌ఐసీ ఆయన... ఇద్దరిదీ సంగీతం పిచ్చి. టేప్‌రికార్డరు ముందు పెట్టుకుని రాత్రి పొద్దుపోయే దాకా పంచాయితీ. మోహన, భూప్‌ ఒకటేనా? హిందోళాన్ని హిందుస్థానీలో మాల్కౌంస్‌ అంటారా? తీర్పు చెప్పేది కొడవటిగంటి రోహిణీప్రసాద్‌. కుటుంబరావుగారబ్బాయి, అణు భౌతికశాస్త్రవేత్త, సితార్‌ వాద్యకారుడు. రాగాన్ని సినిమా పాట పట్టుకుని విప్పి చెప్పడంలో దిట్ట. బ్యాంకాయన ఆయన వ్యాసం ఎక్కడ కనిపించినా కత్తిరించి, తారీఖు రాసి, ఓ నీలం ఫైల్లో పెట్టేవారు. ఆ ఫైలు రెండిళ్ల మధ్యా తిరుగుతుండేది.

2003లో ఓ చిట్టీ వ్యవహారంలో బ్యాంకాయనకు ఎల్‌ఐసీ ఆయన హామీ సంతకం చేశారు. వాయిదాలు తప్పాయి. కోత ఈయన జీతంలో పడింది. ఇంట్లో అమ్మాయి పెళ్లి పెట్టుకున్న సమయమది. మాటా మాటా పెరిగింది. ఎవరూ ఊహించని మాటలు కూడా దొర్లాయి. అంతే, రాకపోకలు బంద్‌. ఎదురుపడితే ఒకరు ఆ వైపు నడిచేవారు, ఇంకొకరు ఈ వైపు. ఫైలు ఎల్‌ఐసీ వారింట్లో ఉండిపోయింది. వాళ్లు తిరిగివ్వలేదు, వీళ్లు అడగలేదు.

2012 సెప్టెంబరులో రోహిణీప్రసాద్‌ మరణించారు. వార్త చదివిన రోజు సాయంత్రం ఎల్‌ఐసీ ఆయన చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని బయల్దేరారు. ఎక్కడికని భార్య అడగలేదు. తలుపు తీసిన బ్యాంకాయన కాసేపు అలాగే నిలబడి, ‘లోపలికి రండి’ అన్నారు. అంతకుముందు ‘రావోయ్‌’ అనేవారు.

ఫైలు చేతికి బరువుగా తగిలింది. తెరిచి చూస్తే 2003తో ఆగిపోలేదది. ఆ తరవాతి కాగితాలూ ఉన్నాయి. ఒక్కోదాని మీదా తారీఖు, వేరే చేతిరాతతో. మాటల్లేని తొమ్మిదేళ్లూ ఒకాయన మొదలెట్టిన పనిని రెండో ఆయన కొనసాగించారన్నమాట! కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ బ్యాంకాయన అడిగారు... ‘కాఫీ తాగుతావా?’

డబ్బు మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. తరవాతి ఏడాదిన్నరలో బ్యాంకాయన వాయిదాల మీద మొత్తం తీర్చేశారు. స్నేహం నిలబడింది కదా అని బాకీ మాఫీ కాలేదు, బాకీ ఉంది కదా అని ఫైలు చెత్తబుట్టలో పడలేదు. దేని లెక్క దానిదే.

మిద్దె మీద మొలకలు

2016లో బ్యాంకాయన భార్య పోయారు. పిల్లలు బెంగళూరులో. రమ్మంటే వెళ్లనన్నారు. టేప్‌రికార్డరు మూలపడింది. పేపరు కూడా మడత విప్పేవారు కాదు. ‘ధైర్యంగా ఉండండి’ అని అందరూ చెప్పారు. అది చెప్పడం సులువు కదా!

ఎల్‌ఐసీ ఆయన మాత్రం ధైర్యం మాట ఎత్తలేదు. అప్పటికి ఆయనకు మొక్కల పిచ్చి పట్టుకుంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్‌లో సొంత ఇంటి మీద కూరగాయలు పండిస్తూ, మిద్దెతోట గురించి రాస్తున్నవి చదివి తానూ మొదలెట్టారు. ఆ పుస్తకం పట్టుకెళ్లి స్నేహితుడికిచ్చారు. ఖాళీ చేతుల్తో ఇవ్వలేదు. ఆటోలో రెండు తొట్లు, పశువుల ఎరువు కలిపిన మట్టి, చీటీలో కట్టిన తోటకూర, బెండ విత్తనాలు కూడా దింపారు. ‘చదవకపోయినా ఫర్లేదు. పొద్దున్నే నీళ్లు మాత్రం పొయ్యి’ అన్నారు.

తోటకూర మూడు నాలుగు రోజుల్లోనే మొలకెత్తుతుంది. పెద్దాయన్ను మేడమెట్లు ఎక్కించడానికి ఆ మొలకలు చాలు. పుస్తకం తెరిచింది నెల తర్వాత... బెండ ఆకుల కింద తెల్లదోమ కనిపించిన రోజున! ఇప్పుడా మేడ మీద పొట్ల పాదుంది, వంగ ఉంది. సాయంత్రాలు పక్కనే పాటలూ ఉన్నాయి.

ఎవరికి ఏది?

ఇవాళ ఏం చదవాలో, ఏం వినాలో చెప్పడానికి చేతిలో ఫోనుంది. నిన్న ఏం చూశారో గుర్తుపెట్టుకుని అలాంటిదే ఇంకోటి చూపిస్తుంది. కానీ నిన్నటిదాకా పాటలు విన్న మనిషికి ఇవాళ విత్తనాలు కావాలని ఎలా తెలుస్తుంది? అది ఆ ఇంటి గుమ్మం తొక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఆ నాలుగు కుటుంబాలూ దెబ్బలు తిని నేర్చుకున్న సంగతులు కొన్నున్నాయి. మీక్కూడా పనికొస్తాయి. ఎదుటివారి లోటు చూసి పుస్తకం ఇవ్వకండి, ఇష్టం చూసి ఇవ్వండి. ఇచ్చాక ‘చదివారా?’ అని మర్నాడే అడగకండి. నచ్చలేదంటే వాదించకండి. ‘ఇందులో నాకు ఫలానా పేజీ ఇష్టం’ అని ఒక్కటి చెప్పి ఊరుకోండి. అవతలివాళ్లు తమ రచయితను చెబితే, చివరిదాకా కాకపోయినా కనీసం నాలుగు పేజీలైనా చదవండి.

ఇదేం కొత్త అలవాటు కాదు. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే ‘కాశీయాత్ర చరిత్ర’ పుట్టిందే ఇద్దరు స్నేహితుల మధ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిపొడవునా చూసినవన్నీ రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపారు. 1836లో వీరాస్వామయ్య కన్నుమూశారు. ఆ కాగితాలను స్నేహితుడి గుర్తుగా పెట్టెలో దాచుకున్నా పిళ్లైని తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. ఆయన దాచుకోలేదు. 1838లో అచ్చేయించి, ముక్కూముఖం తెలియని పాఠకులందరి చేతుల్లో పెట్టారు.