నాయిన వేసుకోని గోలీలు

ఈ భాగం రాయడానికి చాలా రోజులు వెనకాడాను. ఇందులో తప్పు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు నేను పీజీ చదువుతున్నాను. మా తిండి మీద మాకు సిగ్గు లేదని ఆ రోజు గొంతు పోయేదాకా అరిచాం. ఆ మాట ఇవాళ్టికీ నాదే.

మూడేళ్లకు నాయినకు గుండెపోటు వచ్చింది. వయసు 52. స్టెంట్ వేశారు. ఇంటికి పంపే రోజు డాక్టర్ నాయిన వైపు చూడకుండా నాతో అన్నాడు: "మీవాళ్లు పెద్దకూర తింటారు కదా, అందుకే ఇట్లా అయింది." వార్డంతా మావైపు తిరిగింది. నాయిన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

మా ఇంట్లో పెద్దకూర కూలి డబ్బులు చేతికొచ్చిన ఆదివారమే. రోజుకు రెండు కట్టల బీడీల గురించి ఆయన అడగలేదు. పూటపూటా రేషన్ బియ్యం అన్నం, తొక్కు, పామాయిల్ గురించి అడగలేదు. బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందో మాకూ తెలియదు.

ఆ డాక్టర్ మాటల్లో సగం కులం, సగం వైద్యం. కోపంలో నేను రెండూ కలిపి పారేశాను. "వాళ్ల మాటలు పట్టించుకోకు నాయినా, తిను" అన్నాను. కొన్నాళ్లకు "పానం మంచిగనే ఉంది బిడ్డా, ఇంక గోలీలెందుకు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "తిన్నవా" అని అడిగేదాన్ని. "గోలీ వేసుకున్నవా" అని ఒక్కసారీ అడగలేదు.

ఏడాది తిరక్కముందే మళ్లీ వచ్చింది. నేను నల్లగొండలో ఒక సభలో ఉన్నాను. ఫోన్ ఎత్తేసరికే అంతా అయిపోయింది. దినాలయ్యాక ట్రంకుపెట్టె తెరిస్తే, పాత బట్టల కింద చింపని గోలీల పట్టీలు. అమ్మ వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

స్టెంట్ మూసుకుపోయిన చోట దారి తెరుస్తుంది, అంతే. మిగతా రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటూనే ఉంటుంది. దానికే స్టాటిన్ గోలీ. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్. నొప్పి లేదంటే జబ్బు పోయిందని కాదు.

కొవ్వు మాంసం ఎక్కువ తింటే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నిజమే. నెయ్యి, డాల్డా, పామాయిల్‌తోనూ పెరుగుతుంది. కానీ నెయ్యి తినేవాళ్లను "మీవాళ్లు" అని ఎవరూ అనరు.

నిరుడు బస్తీ దవాఖానలో నా బీపీ 156/98. మళ్లీ మళ్లీ చూసి టెల్మిసార్టాన్ రాశారు. గోలీలు అక్కడే ఉచితంగా ఇచ్చారు. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు వస్తే పిల్లలకూ ముప్పు ఎక్కువని అప్పుడే తెలిసింది. పెద్దకూర మానలేదు. కొవ్వు తీసి వండుతున్నాను. ఒట్టితునకలు వేడినీళ్లలో నానబెట్టి ఆ ఉప్పునీళ్లు పారబోస్తున్నాను. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మా ఇంట్లో అది తొక్కుతోనే అయిపోయేది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 30 దాటితే బీపీ, షుగర్ చూపించుకోండి. గుండెకు మంచిదని ఎవరో చెప్పారని ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టొద్దు, కడుపులో రక్తస్రావం కావచ్చు. డాక్టర్ రాసింది అడగకుండా ఆపొద్దు. అవమానిస్తే ఫిర్యాదు చేయండి, డాక్టర్‌ను మార్చండి. గోలీ మాత్రం మానకండి.

బాబాసాహెబ్ షుగర్ జబ్బుతోనే రాశారు, తిరిగారు. 65 ఏళ్లకే పోయారు. టీలు, మిర్చిబజ్జీలు, సిగరెట్లతో సభల రాత్రులు గడిపే మనం ఆయన ఫోటోకు దండ వేసి వెళ్లిపోతున్నాం.

ఇవాళ ఆదివారం. అమ్మకు ఫోన్ చేసి ముందు "గోలీ వేసుకున్నవా" అని అడిగాను.

"నువ్వు వేసుకున్నవా బిడ్డా?" అంది.

జై భీమ్.