చేవ్రాలు గల ప్రతి

నేను గాలము పట్టి యెరుగను. అయినను ఈకలతోను దారముతోను కృత్రిమపు ఈగలను గట్టి, వానితో చేపలను పట్టు పాశ్చాత్యుల వినోదమును గూర్చిన గ్రంథములను ప్రీతితో చదువుచుందును. ఆ వినోదప్రియులు గ్రంథకర్త చేవ్రాలు గల ప్రతిని నిధివలె దాచుకొందురు. చికాగో విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించిన నార్మన్ మెక్లీన్ 1976లో, తన డెబ్బదిమూడవ యేట, తొలి కథాగ్రంథమును ప్రకటించెను. 1990లో గతించెను. ఇక నాతని క్రొత్త చేవ్రాలు దొరకదు. ఉన్నవానికి గౌరవము పెరిగినది.

ఇది వెఱ్ఱియని కొందఱందురు. నేనట్లనను. ఐజాక్ వాల్టను 1653లో తన 'కంప్లీట్ ఆంగ్లరు'ను ప్రకటించినపుడు ముఖపత్రముపై తన పేరు వేసికొనలేదు. 1676 నాటి కూర్పునకు ఈగగాలపు భాగమును వ్రాసి యిచ్చినవాడు మిత్రుడు చార్లెస్ కాటను. అతడు 1674లో ఇంగ్లండునందలి డవ్ నదీతీరమున కట్టించిన చిన్నయింటి ద్వారముపై ఇరువురి పేళ్ల తొలి యక్షరములు పెనవేసికొని యున్నవి. చేవ్రాలు కూడ నిట్టి స్నేహమునకు సాక్ష్యమే గదా!

అయితే చేవ్రాలునకు వెలగట్టి, పుట విప్పక, గ్రంథమును అద్దాల బీరువాలో బంధించుట నాకు సమ్మతము కాదు. మా గురువుగారు వ్రాలుచేసి యిచ్చిన అమరకోశము నాయొద్ద కలదు. దాని యంచులు నా శిష్యుల వ్రేళ్లచే నలిగినవి. వ్రాలున్న పుట చిరుగునేమో యని మా యింటివారు భయపడుచుందురు. చిరిగిన నతికింతును, తాళము మాత్రము వేయను. చదువరికని చేసిన వ్రాలు చదువరికే దక్కవలెను.