ఐగుప్తు నుండి మక్పేలా వరకు



ఆదికాండము 50వ అధ్యాయాన్ని మనం సాధారణంగా యోసేపు తన అన్నలతో పలికిన క్షమాపణ మాటల కోసం తెరుస్తాము. దానికి ముందున్న పద్నాలుగు వచనాలను చదివీ చదవనట్టు దాటేస్తాము. పోయిన యాసంగి కోతలప్పుడు ఆ పద్నాలుగు వచనాలే మాకు ఆరు రోజుల పాటు ఆధారమయ్యాయి.

మన సంఘంలో ఒక అక్క, అరవై దాటిన విధవరాలు, పెద్ద కొడుకును, మనవరాలిని చూడాలని నెల రోజుల విజిట్ వీసా మీద దుబాయి వెళ్ళింది. జీవితంలో ఆమెకు అదే మొదటి విమానం, అదే మొదటి సెలవు. ఇరవయ్యో రోజు తెల్లవారుజామున గుండెపోటు వచ్చి ప్రభువునందు నిద్రించింది. ఇక్కడ చిన్న కొడుకు వరి మిషన్ వెంట పొలంలో ఉన్నాడు. మేము వెళ్ళేసరికి వాకిట్లో నలభై మంది ఉన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అమ్మ ఎప్పుడొస్తది అయ్యగారూ?"

యాకోబు కూడా కొడుకు దగ్గరికి వెళ్ళి పరదేశంలోనే కన్ను మూసినవాడు. నన్ను ఇక్కడ పెట్టొద్దు, మా పితరుల దగ్గర పెట్టమని కొడుకు చేత ప్రమాణం చేయించుకున్నాడు. అయితే ఐగుప్తులో అంతటి అధికారియైన యోసేపు కూడా తండ్రిని భుజాన వేసుకొని బయలుదేరలేదు. ఫరో ఇంటివారితో వినయంగా మాట్లాడి, వారి ద్వారా రాజు సెలవు తీసుకున్నాడు, తిరిగి వస్తానని మాట ఇచ్చాడు. ఇప్పుడు మనవాళ్ళు ఎన్‌ఓసీ అంటున్నది అదే గదా! అంతటివాడే అనుమతి కోసం ఆగాడని చెప్తే చిన్నకొడుకు కొంత నిమ్మళించాడు.

దుబాయిలో పెద్దకొడుకు పట్టుకు తిరిగిన కాగితాలు ఇవి: ఆస్పత్రి ఇచ్చిన మరణ నివేదిక, పోలీసుల అనుమతి, అక్కడి ఆరోగ్య శాఖ ఇచ్చిన మరణ ధృవీకరణ పత్రం. ఆ తరువాత మన భారత కాన్సులేట్‌లో మరణం నమోదు చేయించి, పాస్‌పోర్టు రద్దు చేయించి, దేహాన్ని పంపుటకు అభ్యంతరం లేదనే ఉత్తరం తీసుకోవాలి. అప్పుడు ఎంబామింగ్, దాని సర్టిఫికెట్, పెట్టెకు సీలు, చివరికి విమానం కార్గోలో చోటు. మధ్యలో శని, ఆదివారాలు పడ్డాయి. 2022 నుండి అక్కడ వారాంతపు సెలవులు అవే. ఇక్కడ బంధువులు "ఇంత ఆలస్యమా, వాడు పట్టించుకోవట్లేదు" అని గొణుక్కున్నారు. దయచేసి ఆ మాట ఎవరూ అనవద్దు. తల్లిని పోగొట్టుకొని, ఏడవడానికి కూడా తీరిక లేక కౌంటర్ల ముందు నిలబడిన కొడుకు వాడు.

ఎంబామింగ్ అనగానే మన పెద్దలలో ఒకరు అభ్యంతరం చెప్పారు. విశ్వాసి దేహానికి మందులు ఎక్కించవచ్చునా అని. యాకోబు దేహాన్ని వైద్యులు నలభై దినాలు సిద్ధపరచారని, యోసేపు దేహాన్నీ అలాగే చేసి పెట్టెలో ఉంచారని బైబిలు తెరిచి చూపించాము. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

ఇక డబ్బు సంగతి. అక్కకు టికెట్ చేసిన ట్రావెల్స్ అబ్బాయి, నెల రోజులకు ఇన్సూరెన్సు ఎందుకమ్మా దండగ అన్నాడట. మృతదేహాన్ని స్వదేశానికి తెచ్చే ఖర్చు చాలా ప్రయాణ బీమాలలో ఉంటుంది. పనికి వెళ్ళే కూలీలకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వస్తాయి. చూడ్డానికి వెళ్ళిన తల్లికి అది వర్తించదు. గల్ఫ్ కార్మికుల కుటుంబాలకు మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షలూ అంతే. రాయబార కార్యాలయాల చేతిలో 2009 నుండి భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటి ఉంది. బొత్తిగా గతిలేనివారి దేహాలను పంపుటకు అందులోంచి ఇస్తారు. పని కదలకపోతే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఇవన్నీ పాస్టరుకెందుకు అంటారేమో. వాకిట్లో నలభై మంది ఉన్నప్పుడు ఒక్కరైనా ఫోను పట్టుకొని కూర్చోవాలి గదా.

నాలుగో రోజు ఒక పెద్దమనిషి నెమ్మదిగా అన్నాడు: "అక్కడనే పెట్టేస్తే పోలే? మట్టి ఎక్కడైనా మట్టే." ఆ మాటలో అవిశ్వాసం లేదు. దుబాయిలో క్రైస్తవులను పాతిపెట్టే స్థలం లేకపోలేదు. 2025 నవంబరులో ఉమ్రాకు వెళ్ళిన మన హైదరాబాదు యాత్రికులు నలభై మందికి పైగా మదీనా దారిలో బస్సు ప్రమాదంలో చనిపోతే, వారిని మదీనాలోనే ఖననం చేశారు. మోషే సమాధి మోయాబు లోయలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రాహేలును దారి పక్కనే పెట్టారు. పంజాబులో పుట్టిన భక్త్ సింగ్ గారు నారాయణగూడ సమాధుల తోటలో ఉన్నారు. అక్కడే పెట్టవలసి వచ్చిన కుటుంబాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. కాని ఈ అక్క తన భర్త పక్కన చోటు ఉంచమని ఎప్పుడో చెప్పి ఉంది. యోసేపు ఎముకలను ఇశ్రాయేలీయులు నలభై ఏండ్లు అరణ్యంలో మోసుకు తిరిగి షెకెములో పాతిపెట్టారు. చనిపోయినవారికి ఇచ్చిన మాటను దేవుని ప్రజలు అంత బరువుగా తీసుకున్నారు. ఆ పెద్దమనిషే మరుసటి రోజు సమాధి గుంట కొలిచి గుర్తు పెట్టి వచ్చాడు.

శంషాబాద్‌లో పెట్టె మనుషులు వచ్చే గేటు నుండి రాదు, కార్గో వైపు నుండి వస్తుంది. విమానాశ్రయ ఆరోగ్య అధికారి అనుమతి కావాలి. దానికి 2023 ఆగస్టులో కేంద్రం ఈ-కేర్ అనే పోర్టల్ తెచ్చింది, కాగితాలు ముందే చేరితే వేచి ఉండే సమయం తగ్గుతుంది. గల్ఫ్ నుండి వచ్చే దేహాలకు రాష్ట్ర ఎన్‌ఆర్‌ఐ విభాగం ఉచిత అంబులెన్సు ఇస్తుంది, ముందుగా అడగాలి. తెల్లవారుజామున హైవే మీద మేము అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చున్నాము. సూర్యాపేట దాటేదాకా ఎవరం మాట్లాడలేదు.

పెట్టె తెరవాలా వద్దా అన్నది జనం ముందు తేల్చవద్దని ముందే అనుకున్నాము. ఇంటివారు ఐదుగురే లోపల చూసుకున్నారు, తరువాత మూసేశాము. ఫొటోలు తీయనివ్వలేదు. కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

భూస్థాపన అయిన వారానికి ఇంకో పని పడింది. మరణం ఇక్కడ జరగలేదు గనుక పంచాయతీ సర్టిఫికెట్ ఇవ్వదు. కాన్సులేట్‌లో నమోదైన పత్రమే బ్యాంకుకు, పట్టా మార్పుకు ఆధారం. అసలు కాగితం జాగ్రత్త, నకళ్ళు ఎక్కువ తీసుకోండి.

వచ్చే నెల మన సంఘం నుండి ఒక జంట కూతురి దగ్గరికి అమెరికా వెళ్తున్నారు. ప్రార్థన చేసి పంపే ముందు ఇన్సూరెన్సు కాగితం చూపించమన్నాము. "పోయే ముందర చావు మాటేంది అయ్యగారూ" అని పెద్దాయన నవ్వాడు. అమ్మ మాత్రం ఏమీ అనకుండా చేతిసంచిలోంచి ఆ కాగితం, దానితోపాటు ఇంకో చీటీ తీసి మాకు ఇచ్చింది. తనను ఎక్కడ పెట్టాలో అందులో రాసుకుంది.