మెత్తని ఫోము

ఈ సంచికకు వ్యాసము కావాలని సంపాదక వర్గ విద్యార్థులు అడిగినప్పుడు, తెలుగు శాఖవారము గనుక మేము ఏ ప్రబంధ నాయికనో, ఏ శతక కవినో వెంటబెట్టుకొని వస్తామని వారు తలచి ఉంటారు. మేము తెచ్చినది ఒక ఫోము ప్యాడు. అరచేతికంటె కొంచెము పెద్దది, గుండ్రనిది, కారు రంగుకు మిషనుతో చివరి మెరుగు పెట్టే సాధనము. పాఠకులు మన్నించవలెను. గత సంవత్సరము మమ్ములను ఇంతగా పరీక్షించిన వస్తువు మరొకటి లేదు.

మా అబ్బాజాన్ 2009లో పదవీ విరమణ చేసి, చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి నల్లని స్విఫ్ట్ కారు కొన్నారు. నలుపు వద్దని, ఎండకు నిప్పుకణిక అవుతుందని అమ్మీ ఎంత చెప్పినా ఆయన వినలేదు. ప్రతి ఉదయము చాయ్ త్రాగక ముందే పాత లుంగీ ముక్కతో దానిని తుడిచేవారు. నీరు పోస్తే తుప్పు పడుతుందని, పొడిబట్టే శ్రేష్ఠమని ఆయన సిద్ధాంతము. 2021లో ఆయన మమ్ములను విడిచి వెళ్లిన తరువాత ఆ కారు మా వాకిట కవరు క్రిందనే ఉండిపోయినది. చెల్లెలి నికాహ్ డిసెంబరులో నిశ్చయమైనప్పుడు ఆమె కోరినది ఒక్కటే: "అబ్బా కారులోనే అత్తగారింటికి వెళతాను."

కవరు తొలగించి ఎండలో చూచినాము. బానెట్టు నిండా సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు. షాపులో ఇచ్చి చేయించవచ్చును గదా అని మీరు అడుగవచ్చు. తండ్రి కారుకు కొడుకు చేతితోనే మెరుగు పెట్టవలెనన్న పట్టుదల ఒకటి, చదివి నేర్వలేని విద్య లేదన్న ఎం.ఏ. అహంకారము ఒకటి, రెండూ మాలో కలిసినవి. మిషను కొన్నాము. చివరి మెరుగుకు పసుపు ప్యాడు మెత్తనిదని ఎక్కడో చదివి పసుపు ప్యాడు కొన్నాము. ఒక ఆదివారము పావుగంట రుద్దగానే బానెట్టు ఎడమ అంచున మంచు పట్టినట్లు తెల్లని మసక కమ్మినది. ఎంత తుడిచినా పోలేదు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

మరునాడు విజయవాడ ఆటోనగరులో మా పూర్వ విద్యార్థి ఒకని పాలిష్ షెడ్డుకు కారును నడుపుకొని వెళ్లినాము. అతడు మా పేపరులో రెండుసార్లు తప్పి, మూడవ సంవత్సరము నడుమ చదువు మానినవాడు. "పద్యము రానివానికి ఏ పనీ రాదు" అని తరగతిలో అతనితో అన్న మాట మాకు జ్ఞాపకమున్నది. అతనికి ఉన్నదో లేదో మేము అడుగలేదు. మా ప్యాడును చేతిలోకి తీసికొని నవ్వినాడు.

"పసుపు అనగానే మెత్తదనుకున్నారా సార్? రంగుని నమ్మకూడదు. ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీది."

అది నిజము. ఇటలీ దేశపు రూపెస్ వారి వరుసలో పసుపు సన్నని పనికి, తెలుపు అంతకంటె సున్నితమైన పనికి. అమెరికాలోని లేక్ కంట్రీ వారి వరుసలో పసుపు గీతలు కోసే గట్టి ప్యాడు; నలుపు చివరి మెరుగుది. మేము ఒకరి నిఘంటువు చూచి మరొకరి పదానికి అర్థము చెప్పినాము.

తరువాత అతడు మాకు మౌఖిక పరీక్ష పెట్టినాడు. రెండు ప్యాడులు మా చేతికిచ్చి బొటనవ్రేలితో నొక్కుమన్నాడు. గట్టిది వ్రేలిని వెనుకకు నెట్టినది. మెత్తనిది లొంగి, ఒత్తిడి తీయగానే నిదానముగా పైకి లేచినది. అయితే అతి మెత్తనిదే ఉత్తమమని భావించరాదట. రంగు గట్టిదైతే అతి మెత్తని ప్యాడు పైపైన తిరిగి ఊరకుంటుంది. రంగు మృదువైనదైతే మధ్యరకపు ప్యాడు సైతము దాని మీద మసక విడుస్తుంది. నల్లని కారు ఆ మసకను దాచదు. తెల్లని కారైతే మా తప్పు ఎవరికీ కనబడేదే కాదు.

దళసరి ఫోము మంచిదనుకోవడము మా మరొక పొరపాటు. డ్యూయల్ యాక్షన్ మిషను ప్యాడును త్రిప్పుతూనే అటూ ఇటూ ఊపుతుంది. ఫోము మరీ దళసరిగా, మెత్తగా ఉంటే ఆ ఊపును తానే మింగివేస్తుంది. చేయి కొంచెము అదిమితే తిరుగుట కూడ మానివేస్తుంది. అది కనిపెట్టడానికి అతడు ప్యాడు బిగించే ప్లేటు అంచున మార్కరుతో ఒక నల్లగీత గీసినాడు. గీత తిరుగుతున్నంత వరకు పని జరుగుతున్నట్లు. ప్లేటుకంటె ప్యాడు కొంచెము వెడల్పుగా ఉండవలెను. లేనిచో ప్లేటు అంచే రంగుకు తగులుతుంది. వేడికి ఫోము నడుమ భాగము మెత్తబడి కూలిపోతుంది గనుక ఒక కారుకు ఒక్క ప్యాడు చాలదు. కాంపౌండు త్రాగిన ప్యాడును చివరి మెరుగుకు వాడరాదు. నేల మీద పడిన ప్యాడును అతడు మా కళ్లయెదుటనే ప్రక్కకు విసరివేసినాడు.

రంగు మందము కొలిచే పరికరము కప్పు మీద 104 మైక్రానులు చూపినది. మేము రుద్దిన అంచున 86. ఫ్యాక్టరీ రంగు మొత్తము కలిపినా మన తల వెంట్రుక మందముకంటె ఎంతో ఎక్కువ ఉండదు. అందులో పైనుండే క్లియర్ కోటు సగము కూడ కాదు. అంచుల వద్ద అది మరీ పలుచన. "ఇక్కడ ఇక మెత్త ప్యాడే సార్. పోయినంత పోతుంది, మిగిలింది మిగులుతుంది" అన్నాడు.

డిక్కీ మూత మీద టేపుతో జానెడు చదరము కట్టి, మెత్తని ప్యాడు మీద నాలుగు చుక్కల సన్నని పాలిష్ వేసి, మిషను బరువు తప్ప చేతి బరువు మోపక నిదానముగా నడిపినాడు. అద్దమువలె మెరిసినది. మేము సంతోషించబోగా ఆగుమన్నాడు. పాలిష్‌లోని నూనె గీతలలో నిండి వాటిని కప్పివేస్తుందట. నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, దీపము ఏటవాలుగా పట్టినాడు. సగము గీతలు తిరిగి వచ్చినవి. అప్పుడు మధ్యరకపు ప్యాడుతో ఒకసారి, మరల మెత్తనిదానితో ఒకసారి. ఈమారు తుడిచినా రాలేదు. కారంతటికీ అదే క్రమము నిర్ణయించి పని సాగించినాడు.

డ్రైవరు తలుపు వద్ద అతడు నిలిచిపోయినాడు. దీపము మార్చి మార్చి చూచి, "పొడిబట్టతో రోజూ తుడిచారు సార్, ఎవరో. దుమ్ము కంకర లాంటిది గదా, అదే గీసింది. చూడండి, అన్నీ ఒకే వైపు వంపు. ఒక్క చేతివే" అన్నాడు.

దీపపు వెలుగులో వంపులు ఒకదానిమీద ఒకటి, భుజము ఎత్తునుండి క్రిందికి, పన్నెండు సంవత్సరాల ఉదయాలు. మేము కొంతసేపు మాటాడలేకపోయినాము.

"ఇవి పైపై గీతలే సార్. మధ్య ప్యాడు పెడితే మొత్తం పోతాయి. పెట్టనా?"

"వద్దు. ఈ తలుపుకు మెత్తనిది మాత్రమే" అన్నాము. అతడు కారణము అడుగలేదు. ప్యాడును బ్రష్షుతో శుభ్రపరచి, కొత్తగా మూడు చుక్కలే వేసినాడు.

పెండ్లినాడు ఉదయము పూలు కట్టించుటకు కారును వీధిలో నిలిపినాము. రాత్రి కురిసిన మంచు ఆరి, సన్నని దుమ్ము పేరుకొని ఉన్నది. మేము షాంపూ నీళ్ల బకెట్టు, మైక్రోఫైబరు బట్ట తీసికొని బయటికి వచ్చేసరికి అమ్మీ మాకంటె ముందే అక్కడ ఉన్నది. ఆమె చేతిలో అబ్బాజాన్ లుంగీ ముక్క. డ్రైవరు తలుపు వద్ద నిలిచి, పైనుండి క్రిందికి, ఆయన తుడిచిన తీరుననే తుడుస్తున్నది. మేము బకెట్టు క్రింద పెట్టి, ఆమె ముగించేవరకు గుమ్మములోనే నిలిచి ఉన్నాము.