జేబులో కార్డు... ఏటి అవతల డాక్టరు

గుడివాడ బస్టాండులో పొద్దున్నే బెజవాడ బస్సు ఎక్కేవాళ్లని ఓసారి గమనించండి. పెళ్లికి వెళ్లేవాళ్ల చేతిలో పట్టుచీర సంచి ఉంటుంది. కాలేజీ పిల్లల భుజాన బ్యాగు ఉంటుంది. కొందరి చేతుల్లో మాత్రం స్కానింగ్ సెంటరు పేరు అచ్చేసిన పెద్ద కవరు, దాన్ని నలగనివ్వకుండా ఒడిలో పెట్టుకునే జాగ్రత్త కనిపిస్తాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కానీ ఆసుపత్రికి వెళ్లే ప్రయాణం ఎప్పుడూ ఉచితం కాదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

మాది గుడివాడ పక్క పల్లె. మా మేనత్తను దివిసీమకు ఇచ్చారు. మొన్నామధ్య ఓ బీమా ఏజెంటు అమ్మానాన్నలకు ఆరోగ్య పాలసీ తీసుకోమన్నాడు. ఏడాది ప్రీమియం నా నెల జీతంలో సగానికి పైనే. 'తెల్లకార్డు ఉండగా ఎందుకురా దండగ' అన్నారు నాన్న. 'ఉంటే మంచిదేగా' అంది అమ్మ. ఎవరి మాట వినాలో తేలక, గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమ దాకా ఓ చుట్టు చుట్టొద్దామని బయల్దేరాను.

తియ్యటి మాత్రల ఊరు

గుడివాడ అంటే అందరికీ సినిమాలూ రాజకీయాలే గుర్తొస్తాయి. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరూ, ఏఎన్నార్ పుట్టిన రామాపురమూ ఈ చుట్టుపక్కలవే మరి. కానీ వైద్యం చరిత్రలోనూ ఈ ఊరికి ఓ పేజీ ఉంది. హోమియో వైద్య కళాశాల ఇక్కడ 1945లోనే మొదలైంది. డాక్టర్ గురురాజు పేరుతో ఇప్పుడది ప్రభుత్వ కళాశాల. మా నాయనమ్మ తరానికి డాక్టరంటే ఆ తియ్యటి మాత్రలే. జేబులో కార్డులు లేవు, చేతిలో బిల్లులూ లేవు. గుండె పట్టేస్తే మాత్రం దేవుడే దిక్కు.

మా నాన్నకు గుండె పట్టేసినప్పుడు దేవుడితోపాటు 108 కూడా ఉంది. ఆ అంబులెన్సులు ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న రోడ్డెక్కాయి. బెజవాడలో స్టెంటు వేశారు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి ప్రాణం నిలబడింది, పొలమూ నిలబడింది. కాకపోతే డిశ్చార్జి రోజున కౌంటరు దగ్గర ఓ చిన్న మెలిక పడింది. 'కార్డులో వచ్చేది మామూలు స్టెంటండీ, మంచిది వేశాం, తేడా కట్టండి' అన్నారు. ఆసుపత్రి పేరెందుకులెండి. అమ్మ గాజులు రెండు వారాలు తాకట్టు కొట్లో ఉండొచ్చాయి.

పథకంలో చేరిన రోగి నుంచి అదనంగా వసూలు చేయకూడదన్నది నిబంధన. స్టెంట్ల ధరలకైతే కేంద్రం 2017 ఫిబ్రవరిలోనే కళ్లెం వేసింది. బేర్ మెటల్ స్టెంటు 7,260, మందుపూత ఉన్నది 29,600 రూపాయలు మించకూడదని అప్పట్లో ప్రకటించింది. ఈ ముక్కలు ఆ రోజు మాకెవరికీ తెలీదు. తెలిసుంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను నిలదీసేవాళ్లం, 104కు ఫోన్ చేసేవాళ్లం. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నా.

డాక్టరుగారి బీమా కంపెనీ

గుడివాడలో రైలెక్కితే కవుతరం, పెడన దాటి బందరు వచ్చేస్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే పెడన కలంకారీ బట్టలు ఆరేసి కనిపించినా కనిపిస్తాయి.

మచిలీపట్నం అని రాస్తాం, బందరు అని పిలుస్తాం. డచ్చివాళ్లు వలందపాలెంలో, ఫ్రెంచివాళ్లు ఫరాసుపేటలో, ఇంగ్లిషువాళ్లు ఇంగ్లిషుపాలెంలో తమ ఆనవాళ్లు వదిలి వెళ్లారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఈ పట్నంలోనూ చుట్టుపక్కలా ముప్పైవేల ప్రాణాలు తీసుకెళ్లింది. బందరు లడ్డు రుచి చూస్తూ ఈ వీధుల్లో నడుస్తుంటే ఓ డాక్టరుగారు గుర్తొస్తారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య.

ఆయన్ను ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టి, స్వాతంత్య్రోద్యమం కోసం స్టెతస్కోపు పక్కన పెట్టిన మనిషి. 1923లో బ్యాంకు పెట్టి ఊరుకోలేదు. 1925లో ఇదే ఊళ్లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ మొదలుపెట్టారు. 1956లో జీవిత బీమా జాతీయమైనప్పుడు దేశంలోని 245 సంస్థలను కలిపి ఎల్ఐసీని చేశారు. ఎల్ఐసీకి ఇప్పటికీ మచిలీపట్నం డివిజన్ ఉంది. ఆంధ్రా బ్యాంకు పేరు మాత్రం 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

పోయినవాళ్ల కుటుంబానికి ధీమా ఇచ్చే బీమా ఆనాడే వచ్చింది. బతికున్నవాళ్ల జబ్బుకు డబ్బిచ్చే మెడిక్లెయిమ్ రావడానికి మాత్రం 1986 దాకా ఆగాల్సి వచ్చింది. అదైనా ప్రీమియం కట్టగలిగినవాళ్లకే. పేదవాడికీ అలాంటిదొకటి ఉండాలన్న ఆలోచనే ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా పాకింది. మొదట్లో ప్రభుత్వం ప్రీమియం కడితే ఓ ప్రైవేటు బీమా కంపెనీ దాన్ని నడిపింది. తర్వాత ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించసాగింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది. పరిమితి 2 లక్షల నుంచి 2023 డిసెంబరుకి 25 లక్షలకు చేరింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం మళ్లీ బీమా బాట పట్టింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన ట్రస్టు భరించే పద్ధతికి ఆమోదం తెలిపింది.

పరిమితి ఎంత పెరిగినా డబ్బు సమయానికి అందకపోతే ఏమవుతుంది? 2025 అక్టోబరులో తెలిసొచ్చింది. బకాయిలు చెల్లించాలంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ పథకం కింద సేవలు ఆపేశాయి. ఆపరేషను తేదీ ఖరారైనవాళ్ల పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

ప్రైవేటు పాలసీకీ దాని చిక్కులు దానికున్నాయి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. 2024కి ముందు నాలుగేళ్లు ఉండేది. వయసు పెరిగేకొద్దీ ప్రీమియమూ పెరుగుతుంది. కుటుంబాలు తీసుకునే పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేకపోవడం ఒక్కటే కాస్త ఊరట.

బందరులో ఇంకో మార్పూ చూశాను. 2022లో జిల్లాలు విడిపోయాక బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. కృష్ణా జిల్లాకు బందరే ముఖ్యపట్టణంగా మిగిలింది. 2023 సెప్టెంబరులో ఇక్కడ 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ధర్మాసుపత్రి అని పెద్దవాళ్లు ఇప్పటికీ పిలిచే చోట తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. వైద్య కళాశాల అంటే సీట్లొక్కటే కాదు. దాంతోపాటు ప్రొఫెసర్లూ, రకరకాల విభాగాలూ, రాత్రిపూట డ్యూటీ డాక్టర్లూ వస్తారు. పక్కనున్న బాపట్ల సహా పది కొత్త కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించినప్పుడు అంత గొడవ జరిగింది అందుకే.

పాము కార్డు అడగదు

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ ఓ గంట ప్రయాణం. ఇక్కడి నుంచి నేలంతా రెండు పాయల కృష్ణమ్మకూ సముద్రానికీ మధ్య ఒదిగి ఉంటుంది. 1977 నవంబరు 19 అనగానే ఇప్పటికీ ఇక్కడి పెద్దల గొంతు మారిపోతుంది. ఆ ఒక్క ఉప్పెనకు వేల ప్రాణాలు పోయాయి. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇంకో ఏడాదినీ దివిసీమ మర్చిపోదు. 2018 వానాకాలంలో పాముకాట్లు ఎంత ఎక్కువయ్యాయంటే, ఆగస్టు 29న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో దేవాదాయశాఖే పూజలు చేయించింది. ఆ రోజుల్లోనే ఎదురుమొండిలో మా మామయ్యను రొయ్యల చెరువు గట్టు మీద పాము కాటేసింది. ఎదురుమొండి ఏటి నడుమ దీవి. ఇవతలున్న ఏటిమొగకు రావాలంటే పంటు ఎక్కాలి. ఆ రాత్రి పంటు అవతలి ఒడ్డున ఉంది.

'ఏటి మీద లైటు కనిపించేదాకా మీ మామయ్య తల ఒళ్లో పెట్టుకుని కూచున్నారా' అంది అత్తయ్య, నాకు చేపల పులుసు వడ్డిస్తూ. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి చేరేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయట. పాముకాటుకు మొదటి విడతలోనే పది వయల్స్ దాకా విరుగుడు మందు ఎక్కించాల్సి వస్తుంది. ఎక్కించారు. మూడోరోజుకు మామయ్య లేచి కాఫీ అడిగాడు.

'బిల్లెంతయింది అత్తయ్యా?'

'బిల్లేంటిరా, రూపాయి అడగలేదు. కార్డు కూడా అడగలేదు.'

అప్పుడు తెలిసింది, ఇంట్లో మేం వాదించుకుంటున్నది సగం సంగతేనని. కార్డయినా, పాలసీ అయినా చేసిన వైద్యానికి డబ్బు చెల్లిస్తాయి. ఎక్కువ మంది రోగులు ఎక్కడుంటే అక్కడే ఆసుపత్రి కడితే గిట్టుబాటు. అందుకే అవి మనల్ని బెజవాడ తీసుకెళ్తాయి తప్ప బెజవాడ డాక్టర్ని దివికి తీసుకురావు. నెలకు పది కేసులొచ్చినా, ఒక్కటీ రాకపోయినా ఫ్రిజ్‌లో విరుగుడు మందు పెట్టుకుని కూర్చునేది సర్కారు దవాఖానా ఒక్కటే. స్టెంటు వేయించుకోవడానికి మూడు రోజులు ఆగొచ్చేమో, కట్లపాము కాటుకు మూడు గంటలు కూడా ఆగలేం.

ఇంటికొచ్చాక పాలసీ తీసుకున్నాను. నాన్న గొణిగారు. గుండె విషయంలో ఆ రోజు కౌంటరు దగ్గర నిలబడ్డ భయం మళ్లీ వద్దనిపించింది. కానీ అది నా ఇంటి జాగ్రత్త మాత్రమే. అత్తయ్య ఇంటికి కావలసిన జాగ్రత్త ఏ ఏజెంటూ అమ్మలేడు.

తిరుగు ప్రయాణంలోనూ పంటే దిక్కయింది. వంతెన వస్తుందన్న మాట అక్కడివాళ్లు ఏళ్లుగా వింటున్నదే. అత్తయ్య రేవు దాకా వచ్చింది. పంటు కదులుతుంటే ఒడ్డు మీంచి కేకేసింది.

'అబ్బాయ్! కార్డుల గురించి అందరూ రాస్తారు. నువ్వు ఈ పంటు గురించి రాయరా!'

రాశాను అత్తయ్యా.