ఎవడు చంపిండు? ఎట్ల తెల్సు?

నేను చదివిన మొదటి డిటెక్టివ్ నవలకు చివరి పేజీలు లేవు. రెండోదానికీ లేవు. మూడోదానికి అట్ట కూడా లేదు కాబట్టి దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

బోయినపల్లిలో మా కాకకు కిరాణా దుకాణం ఉండేది. పసుపు, కారం, చాయ్‌పత్తి పొట్లాలు కట్టడానికి కరీంనగర్ నుంచి రద్దీ కాగితం కిలోల లెక్కన తెచ్చేవాడు. పాత పేపర్లు, దిద్దేసిన పరీక్ష పేపర్లు, వాటి మధ్య వారపత్రికలు, జేబులో పట్టే సైజు డిటెక్టివ్ పుస్తకాలు. నవల కనిపిస్తే కాక దాన్ని గల్లాపెట్టె కింద దాచేవాడు. కాని పొట్లాలు కట్టే పిలగాడికి ఈ తేడాలేం తెలుసు? చేతికందినదాన్ని వెనక నుంచి చింపేవాడు. అట్లా హంతకుల పేర్లన్నీ ఎవరింటికో జీలకర్ర పొట్లాలుగా వెళ్లిపోయేవి. కొదురుపాకలో మా అమ్మమ్మ ఇంటికీ కొన్ని పోయే ఉంటాయి. ఆ పాత ఊరు ఇప్పుడు మధ్యమానేరు నీళ్ల కింద ఉంది.

పుస్తకం కాక చదివాక నాకు ఇచ్చేవాడు. నేను చదవడం అయ్యాక రాత్రి దుకాణం కట్టేసే ముందు పంచాయితీ.

"ఇగ చెప్పు బిడ్డా. ఎవడు చంపిండు?"

"డాక్టరు."

"ఎట్ల తెల్సు?"

ఈ రెండో ప్రశ్న దగ్గరే నేను దొరికిపోయేదాన్ని. "వాని ముఖం చూస్తెనే తెలుస్తది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ముఖం చూసి ఉరేస్తరా? ఏ పేజీల ఏం దొరికిందో చెప్పు." మళ్లీ పుస్తకం తిరగేసేదాన్ని. ఫలానా పేజీలో డాక్టరు తనకు ఆ ఇల్లు తెలియదన్నాడు, ఇంకో పేజీలో వెనక తలుపు నుంచి నేరుగా మెట్ల దగ్గరకే పోయాడు. అప్పుడు కాక ముఖంలో నవ్వు. చివరి పేజీలు లేవు కాబట్టి మేం చెప్పింది నిజమో కాదో తేల్చేవాళ్లు లేరు. మా ఇద్దరికీ నచ్చితే అదే తీర్పు.

అవ్వకు ఇది నచ్చేది కాదు. "ఆడివిల్లకు చంపుకునే పుస్తకాలిస్తవా?" అని కాకను కోపం చేసేది. కాక వినయంగా తలూపి, మరుసటి రోజు ఇంకోటి ఇచ్చేవాడు.

తర్వాత తర్వాత పూర్తి పుస్తకాలూ దొరికాయి. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. మద్రాసు నేనెన్నడూ చూడకపోయినా ఆ రోడ్లు నాకు తెలిసినట్టే ఉండేవి. మధుబాబు షాడో కూడా చదివాను గాని, షాడో చేతికి పని ఎక్కువ. నాకు కుర్చీలో కూర్చుని ఆలోచించేవాళ్లు నచ్చేవాళ్లు.

హైదరాబాద్ వచ్చాక ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అగాథా క్రిస్టీ దొరికింది. నా ఇంగ్లిష్‌లో సగం ఆమె దగ్గర నేర్చుకున్నదే. అందుకే కూరగాయల పేర్లకంటే విషాల పేర్లు ముందు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రిలో మందులిచ్చే గదిలో పనిచేసిన మనిషి ఆమె. ఏ మందు ఎంత మోతాదులో ఏం చేస్తుందో అక్కడే నేర్చుకుంది. 1920లో వచ్చిన మొదటి నవలలోనే ఆ చదువంతా కనిపిస్తుంది.

సాహిత్యం చదివే మిత్రులకు ఈ ఇష్టం సంగతి చెప్పడానికి కొన్నాళ్లు సిగ్గుపడ్డాను. ఒక స్నేహితురాలు అడిగేసింది కూడా: "చలాన్ని చదువుతవు, అల్లం రాజయ్యను చదువుతవు, మళ్ల ఈ చావుల పుస్తకాలేందే?" కొమ్మూరి సాంబశివరావు చలం కుటుంబం మనిషేనని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. ఆరుద్ర డిటెక్టివ్ కథలు రాశాడని కూడా కలిపాను. పెద్దల పేర్లు అడ్డం పెట్టుకోవడం జవాబు కాదని నాకూ తెలుసు.

జవాబు ఇది అనుకుంటాను. ఇట్లాంటి నవలలో అనవసరమైన వస్తువు ఉండదు. తడిసిన గొడుగు, ఆగిన గడియారం, ఎవరూ తాగని చాయ్, అన్నింటినీ ఎవరో ఒకరు ఆగి చూస్తారు. పనిమనిషి చెప్పిన మాటకూ జమీందారు మాటకూ ఒకే విలువ. కొన్నిసార్లు పనిమనిషి మాటకే ఎక్కువ. పైగా రాసేవాడికీ చదివేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత దీనికి పది సూత్రాలు కూడా రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికీ చూపించాలి, డిటెక్టివే హంతకుడు కాకూడదు, ఇట్లాంటివి. ఆయన క్రైస్తవ మతగురువు కూడా. పాపాల సంగతి తెలిసినవాడే.

అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఒక మనిషి చస్తే ఎందుకు చచ్చాడని చివరి పేజీదాకా అడుగుతారు. అడగడం ఆపరు.

ఇది నాకంత ముఖ్యమెందుకో చెప్పాలంటే మళ్లీ మా పక్కకే రావాలి. 1978 అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నేను పుట్టకముందు సంగతి. కాని నేను పెరిగిన ఇళ్లలో కూడా కొన్ని చావుల గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గేది. ఎవరు చంపారన్నది అందరికీ తెలిసేది, లేదా ఎవరూ తెలుసుకోవాలనుకునేవాళ్లు కాదు. "ఎవడు చంపిండు" అని కాక అంత గట్టిగా అడగగలిగింది పుస్తకాల గురించే.

ఇంకో రకం చావులూ ఉండేవి. మా వాడకట్టులో ఒకాయన ఉండేవాడు, నాకు మామ వరస. సిరిసిల్లలో కూలికి సాంచాలు నడిపేవాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు, బట్టల మీద దూదిపొట్టు అట్లాగే ఉండేది. ఆర్డర్లు లేక సాంచాలు సగం రోజులు ఆగిపోతున్న కాలమది. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఆయన ప్రాణం తీసుకున్నాడు.

రెండో రోజు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. కడుపునొప్పి భరించలేక ఆత్మహత్య.

జిల్లా పేజీలు చదివే అలవాటున్నవాళ్లకు ఈ కడుపునొప్పి తెలిసే ఉంటుంది. రైతు చనిపోయినా కడుపునొప్పే, నేత కార్మికుడు చనిపోయినా కడుపునొప్పే, కొత్తకోడలు చనిపోయినా కడుపునొప్పే. ఆత్మహత్య జరిగితే పోలీసులు పంచనామా చేసి కారణం రాయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ చెప్పేది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది 194వ సెక్షన్. కాగితం మీద కారణం ఉంటే ఫైలు మూతపడుతుంది. క్రిస్టీ నవలలో ఊరి డాక్టరు గుండెపోటు అని రాసిస్తే, అక్కడి నుంచే కథ మొదలవుతుంది. మా దగ్గర కడుపునొప్పి అని రాస్తే అక్కడికి ఐపోతుంది.

నేను డిటెక్టివ్ నవలల పిల్లను కదా. ఆ రాత్రి దుకాణంలో కాకను అడిగాను. "మామకు కడుపునొప్పి ఎప్పుడున్నది కాకా? నేనెప్పుడూ వినలే."

కాక మాట్లాడలేదు. ఉద్దెర ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నాడు. తెరిచి ఉన్న పేజీ మామది. మూడు వేల నాలుగు వందల చిల్లర.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మొన్న శుక్రవారం మామ ఉప్పు, నూనె కోసం వస్తే, దుకాణం ముందు నలుగురున్నప్పుడే కాక అన్నాడు: "పాత బాకీ సంగతేంది బావా? ఎన్నాళ్లని?" మామ నవ్వి, నూనె వద్దని, ఉప్పు ఒక్కటే తీసుకుని పోయాడు. నేను అక్కడే బియ్యం బస్తా మీద కూర్చుని నవల చదువుతున్నాను. చూశాను. ఏ పేజీలో ఏం జరిగిందో చెప్పగలిగిన పిల్లను, కళ్ల ముందు జరిగినదాన్ని పక్కన పెట్టేశాను.

కాకది మాత్రమే కాదు. సిరిసిల్లలో ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సు, ఫైనాన్సు వాయిదా, చిట్టీ, బిడ్డ పెండ్లికి చేసిన అప్పు. ఒక్కొక్కరిది తక్కువే. ఎవరికి వాళ్లు న్యాయంగా తమకు రావలసిందే అడిగారు. కాక చెడ్డవాడు కాదు. ఆ పేజీ ఆయన తర్వాత కొట్టేశాడు, మా అత్తను ఎన్నడూ అడగలేదు. కాని ఆ రాత్రి తర్వాత గల్లాపెట్టె కింద నవలలు దాచడం మానేశాడు. పొట్లాలు కట్టే పిలగాడు వాటిని మొదటి పేజీ నుంచే చింపుకున్నాడు.

నేను మానలేదు. మానకపోవడం తప్పేమో అని చాలాసార్లు అనుకున్నాను. ఈ నవలలు చెప్పే ఒక అబద్ధం నాకు తెలుసు. దోషి ఒకడుంటాడు, వాడిని పట్టుకెళ్తే ఊరు మళ్లీ మామూలైపోతుంది, తోటలో పూలు పూస్తాయి. మామను చంపిన మనిషిని చూపించమంటే యుగంధర్ కూడా ఏం చేస్తాడు? అయినా రాత్రి పదింటికి పనంతా అయ్యాక పుస్తకం తెరిస్తే, మొదటి శవం దొరికేసరికి నా ప్రాణం లేచొస్తుంది. ఆ సంతోషం నిజం. జపాన్ రచయిత కీగో హిగషినో 2005లో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో హత్య ఎవరు చేశారో మొదట్లోనే చూపించేస్తాడు. తెలిశాక కూడా రాత్రంతా చదివించాడు. ఎవరు అన్నది తెలిసినంత మాత్రాన అంతా తెలిసినట్టు కాదని అప్పుడు ఇంకోసారి అర్థమైంది.

మొన్న వానాకాలం కాకకు కంటి ఆపరేషన్ అయింది. దుకాణం ఎప్పుడో తీసేశాడు. నెలరోజులు చదవొద్దు, టీవీ చూడొద్దు అన్నారు. ఫోన్ చేస్తే విసుక్కుంటున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, క్రిస్టీ నవల ఒకటి చెప్పడం మొదలుపెట్టాను. పేరు ఇక్కడ రాయను. చదవనివాళ్లు ఈ కాస్త వదిలేసినా నాకు కోపం లేదు.

నాలుగు రాత్రులు చెప్పాను. బెల్జియం డిటెక్టివ్‌ను బోయినపల్లి మాటలోకి దించడం తేలిక కాదు. "గుడ్డు తల, మీసాలకు నూనె, నడుస్తుంటె బాతు లెక్క" అంటే కాక పడీపడీ నవ్వాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ నవ్వు విన్నాను. ప్రతి రాత్రీ మధ్యలో ఆపి, ఎవరెవరు ఎక్కడున్నారో మళ్లీ చెప్పించుకున్నాడు. అబద్ధాలు లెక్కపెట్టాడు.

నాలుగో రాత్రి చివరి అధ్యాయం దగ్గర ఆగాను. పాత అలవాటు ప్రకారం అడిగాను.

"ఇగ చెప్పు కాకా. ఎవడు చంపిండు?"

కాసేపు ఏం వినపడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"అందరు" అన్నాడు.

సరిగ్గా అదే. నోటికి వచ్చేసింది. "ఎట్ల తెల్సు?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆ నవలలో చచ్చినవాడు దుర్మార్గుడు, వాడికి జరిగింది న్యాయమే అనిపించేటట్టు రాస్తుంది ఆమె. మా మామ అట్లాంటివాడు కాదు. అది కాకకూ తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్లలో ఇద్దరం ఒక్కసారీ ఆయన పేరెత్తలేదు.

కాక ఏ పేజీ చెప్పలేదు. ఏ ఆధారమూ చెప్పలేదు.

"ఆఖర్ల ఒప్పుకున్నరా?" అని అడిగాడు.

"ఒప్పుకున్నరు కాకా. అందరి ముందట."

"ఆ" అన్నాడు. కొంచెం ఆగి, "నేను గుడ ఒక్కసారి మీ అత్తతోని మాట్లాడాలె. ఇన్నేండ్లాయె" అన్నాడు.

నేను సరే అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

"రేపు తొమ్మిదింటికి చెయ్యి బిడ్డా" అన్నాడు పెట్టేసే ముందు. "ఇంకోటి మొదలువెట్టు."